గెలిచే జట్టులో ఉంటేనే హైస్‌మన్

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో హైస్‌మన్ ట్రోఫీ దేశంలోకెల్లా గొప్ప ఆటగాడికి ఇస్తారట. పేరుకే! ఓటింగ్ జరిగే డిసెంబర్ వచ్చేసరికి అందరి చూపూ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందన్న దాని మీదే.

2009 సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) టోబీ గెర్‌హార్ట్ ఓటింగ్ నాటికి పరుగెత్తింది 1,736 గజాలు, చేసినవి 26 టచ్‌డౌన్లు (బంతితో ప్రత్యర్థి గోల్ లైన్ దాటడం). నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టు మీద నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, తనే టచ్‌డౌన్ పాస్ కూడా విసిరాడు. ఇంకేం చెయ్యాలండీ, టికెట్లు కూడా అమ్మాలా?

కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్టుతో మ్యాచ్ మరీ దారుణం. స్టాన్‌ఫర్డ్ చేసిన నాలుగు టచ్‌డౌన్లూ ఇతనివే. చివర్లో గెలుపు అందినట్టే ఉంది. గోల్ లైన్ దగ్గరికొచ్చాక బంతి ఇతని చేతికివ్వకుండా పాస్ వేశారు. ఇంటర్‌సెప్షన్, బంతి ప్రత్యర్థి చేతికి చిక్కింది! 34-28తో ఓటమి. పాస్ వేసింది ఇంకొకరు, లెక్క మాత్రం ఇతని ఖాతాలో.

ఓటింగ్ నాటికి స్టాన్‌ఫర్డ్ 8 గెలిచి 4 ఓడింది. అలబామా 13కి 13 గెలిచింది. ట్రోఫీ అలబామా రన్నింగ్ బ్యాక్ మార్క్ ఇంగ్రామ్‌కి వెళ్లింది, ఓటింగ్‌లో తేడా 28 పాయింట్లే. ఇంగ్రామ్ మంచి ఆటగాడే, కాదనను. కానీ గజాలూ టచ్‌డౌన్లూ రెండింట్లోనూ గెర్‌హార్టే ముందున్నాడు కదా!

పోనీ, జట్టు గెలుపే కొలమానం అనుకుందామంటే అదీ లేదు. 1956లో నోటర్ డేమ్ ఆటగాడు పాల్ హార్నుంగ్‌కి ఇచ్చినప్పుడు ఆ జట్టు గెలిచింది రెండు, ఓడింది ఎనిమిది. ఆ ఏడాది ఓటింగ్ నాటికి ఒక్క మ్యాచే ఓడిన సిరక్యూస్ జట్టులోని జిమ్ బ్రౌన్‌కి దక్కింది ఐదో స్థానం.