ఆ కేసుల్లో భార్య ముద్దాయీ కాదు, సాక్షీ కాదు

“పూర్వం ఇంగ్లాండులో జమీందారీ ఇళ్ళ ఆడవాళ్ళు పరాయి మగాడితో సంబంధం పెట్టుకుంటే బోనెక్కించి జైల్లో వేసేవాళ్ళు. డబ్బున్న మొగుడిదే ఎప్పుడూ గెలుపు. ఆ చట్టాన్నే మనకు 497 సెక్షన్‌గా అంటించారు.” ఈ పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. (497 అంటే పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకున్న మగాడిని శిక్షించిన భారత శిక్షాస్మృతి సెక్షన్.) మొదటి రెండు మాటలూ తప్పు. మూడోది సగమే నిజం.

ముందు బోను సంగతి. ఆ కేసుల పేరు ‘క్రిమినల్ కాన్వర్సేషన్’. పేరులో క్రిమినల్ ఉన్నా అది సివిల్ దావా. భర్త తన భార్య ప్రియుడి మీద వేసి, నష్టపరిహారం అడుగుతాడు. భార్య వాదీ కాదు, ప్రతివాదీ కాదు. సాక్ష్యం చెప్పే వీలు కూడా ఆమెకు లేదు. పక్కబట్టల గురించి పనివాళ్ళు కోర్టులో చెబుతారు, ఆ మాటలు పుస్తకాలుగా అచ్చయి అమ్ముడుపోతాయి, ఆమె మాత్రం నోరు విప్పడానికి లేదు. నాకు జైలు కన్నా ఇదే ఘోరంగా అనిపిస్తుంది.

ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ భార్య ఆన్ బొలీన్ తల నరికారు కదా అంటారు. అది 1536లో, రాణి మీద మోపిన రాజద్రోహం కేసు. మామూలు వ్యభిచారం చర్చి కోర్టుల పరిధిలో ఉండేది. 1650లో దానికి మరణశిక్ష వేసే చట్టం వచ్చినా, 1660లో రాచరికం తిరిగి రాగానే అదీ పోయింది.

ఇక డబ్బున్న మొగుడి గెలుపు. 1770లో లార్డ్ గ్రోవనర్ ఏకంగా రాజు తమ్ముడి మీద గెలిచి 10,000 పౌండ్లు రాబట్టిన మాట నిజమే. కానీ 1782లో సర్ రిచర్డ్ వర్స్‌లీకి ఏం జరిగిందో చూడండి. భార్య సీమోర్ కెప్టెన్ బిసెట్‌తో వెళ్ళిపోయిందని 20,000 పౌండ్లకు దావా వేశాడు. సంబంధం ఉందన్నది ఎవరూ కాదనలేదు. అయితే మెయిడ్‌స్టన్‌లోని ఒక స్నానశాలలో పనిచేసే ఆవిడ వచ్చి సాక్ష్యం చెప్పింది: లోపల సీమోర్ బట్టలు వేసుకుంటుంటే, బయట వర్స్‌లీయే బిసెట్‌ను తన భుజాల మీదికి ఎత్తి, పైనున్న కిటికీలోంచి చూడమన్నాడట. తానే దగ్గరుండి సాగనిచ్చినవాడికి నష్టమేమిటి? జ్యూరీ ఇచ్చిన పరిహారం ఒక్క షిల్లింగు, అంటే పౌండులో ఇరవయ్యో వంతు.

అయినా నష్టపోయింది సీమోరే. వర్స్‌లీ విడాకులివ్వలేదు. 1805లో అతను చనిపోయాకే ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోగలిగింది.

1836లో జార్జ్ నార్టన్ అనే భర్త అప్పటి ప్రధానమంత్రి మెల్‌బోర్న్ మీదే ఇలాంటి కేసు వేశాడు. జ్యూరీ కూర్చున్నచోటు నుంచి లేవకుండానే కేసు కొట్టేసింది. గెలిచింది మెల్‌బోర్న్. రచయిత్రి అయిన నార్టన్ భార్య కెరోలిన్‌పై తప్పు రుజువు కాకపోయినా ముగ్గురు కొడుకులూ తండ్రి దగ్గరే ఉండిపోయారు, ఎందుకంటే అప్పటి చట్టంలో పిల్లలు తండ్రి సొత్తు. ఆమె ఊరుకోలేదు, కరపత్రాలు రాసి పోరాడింది. 7 ఏళ్ళలోపు పిల్లల కోసం తల్లి కోర్టుకెళ్ళే వీలు 1839 చట్టంతో వచ్చింది. వ్యభిచారం రుజువైన తల్లికి మాత్రం అదీ లేదు.

చివరగా 497. మన శిక్షాస్మృతికి మెకాలే అనే ఇంగ్లీషు అధికారి 1837లో ఇచ్చిన ముసాయిదాలో వ్యభిచారం నేరంగా లేదు, తర్వాతి లా కమిషనర్లు చేర్చారు. ఇంగ్లాండులో ప్రియుడు డబ్బు కడితే సరిపోయేది, ఆ దావా కూడా 1857లో రద్దయింది. మూడేళ్ళకే వచ్చిన మన శిక్షాస్మృతి అదే మనిషికి 5 ఏళ్ళ దాకా జైలు పెట్టింది. కాబట్టి ఇది నకలు కాదు. దిగుమతైంది చట్టం వెనకున్న ఆలోచన: భార్య మీద హక్కు భర్తది, నష్టమూ అతనిదే. అందుకే భర్త సమ్మతితోనో, అతను చూసీ చూడనట్టు వదిలేస్తేనో జరిగినదాన్ని 497 నేరంగా లెక్కించలేదు. వర్స్‌లీకి షిల్లింగు ఇప్పించిన వాదన అదే. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది మన చట్టంలో అలాగే ఉంది.