టవరుకు దూరంగా పుట్టడం మీ తప్పే

రాజ్యాంగం 51-ఎ అధికరణంలో పౌరులకు కొన్ని ప్రాథమిక విధులున్నాయి. 1976లో 42వ సవరణతో పది చేర్చారు, 2002లో 86వ సవరణతో పదకొండోది వచ్చింది. జాతీయ జెండాను గౌరవించాలి, అడవుల్ని కాపాడాలి, పిల్లల్ని చదివించాలి, ఇలా. ఇప్పుడు పన్నెండోది చేర్చే వేళయిందని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు: తన ఇంటికి కావలసిన సిగ్నల్‌ను ప్రతి పౌరుడూ తానే వెతికి తెచ్చుకోవాలి.

ఇలా అనగానే కొందరు హక్కుల ఊసెత్తుతారు. ఇంటర్నెట్ వాడుకోవడం విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమేనని 2019లో కేరళ హైకోర్టు అంది. ఇంటర్నెట్ ద్వారా చేసే భావప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చెప్పలేదని నేననను. కానీ ఆ తీర్పు డౌన్‌లోడ్ కావాలన్నా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నీళ్ల ట్యాంకు ఎక్కాల్సిందే కదా!

పైగా ఈ విధిని జనం ఎప్పుడో పాటించడం మొదలుపెట్టారు, చట్టమే వెనకబడింది. 2020 లాక్‌డౌన్‌లో మన్యం పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల కోసం కొండలెక్కి కూర్చున్నారు. పేపర్లు దాన్ని కష్టంగా రాశాయి. పాఠానికి పాఠం, వ్యాయామానికి వ్యాయామం అని ఒక్కరూ రాయలేదు.

అసలు సిగ్నల్ లేదన్న మాటే అబద్ధం. ఏ ఊళ్లో ఏ సర్వీసు అందుతుందో చూపించే కవరేజీ మ్యాపుల్ని కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల్లో ఉంది. తెరిచి చూడండి. మీ ఊరంతా రంగు పులిమి ఉంటుంది. మ్యాపులో ఉన్న సిగ్నల్ ఊళ్లో లేదంటే తప్పు మ్యాపుదా, ఊరిదా? మ్యాపును లెక్కలు కట్టి కంప్యూటర్ గీసింది. ఊరిని మీ ముత్తాతలు చెరువు చూసుకుని, నేల చూసుకుని, కొండ చాటు బాగుందని కట్టుకున్నారు. అక్కడ టవరు కనబడుతుందా లేదా అన్న చిన్న విషయం వాళ్లకు తట్టలేదు. వాళ్ల నిర్లక్ష్యానికి కంపెనీ ఏం చేస్తుంది?

ముత్తాతల్ని వదిలేద్దాం, మీరు మాత్రం తక్కువ తిన్నారా? తాటాకు గుడిసెలో ఉన్నన్నాళ్లూ సిగ్నల్ పెద్దగా అడ్డు లేకుండా లోపలికి వచ్చేది. పక్కా ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టారు. ఇనుప చువ్వలతో స్లాబు వేశారు, ఎండ తగలకుండా పైన జింకు రేకులు దించారు. లోహం తగిలిన తరంగం వెనక్కే పోతుంది. ఇప్పుడు ఇంట్లో ఫోన్ మోగడం లేదని ఎవరిని అడుగుతారు? హైటెక్ సిటీ వాళ్లు నవ్వక్కర్లేదు. వేడి రాకుండా అద్దాల మేడలకు వేసే సన్నటి లోహపు పూత సిగ్నల్‌ను కూడా చాలావరకు ఆపేస్తుంది. లక్షల జీతం వచ్చే ఇంజనీరు ఫోన్ చెవిన పెట్టుకుని మెట్ల దగ్గర తచ్చాడుతున్నాడంటే కారణం చాలాసార్లు అదే.

తరంగాలకూ తరతమాలున్నాయి మరి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలూ కాస్త దాటుతాయి. 2022 వేలంలో కంపెనీలు ఎగబడి కొన్న 3300 మెగాహెర్ట్జ్ 5జీ తరంగం వేగంలో మేటి, గోడ దగ్గర మాత్రం చతికిలబడుతుంది. అంత డబ్బు పోసి కొన్న తరంగాన్ని పెంకుటింటి వెనక వంటగదిలోకి కూడా రమ్మనడం మర్యాదేనా?

విధి అన్నాక చదువు కావాలి. ముందుగా ఫోన్ పైన కనిపించే పాయింట్లను నమ్మకండి. ఎంత సిగ్నల్ ఉంటే ఎన్ని పాయింట్లు చూపించాలో ఒక్కో ఫోన్ కంపెనీది ఒక్కో లెక్క. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగుల్లోకి వెళ్తే ‘ఫోన్ గురించి’ అన్న చోట, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అని ఒక అంకె ఉంటుంది, అదీ చూడాల్సింది. ఆ అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, మన బ్యాంకు ఖాతాల అలవాటు కొద్దీ ఇదేమీ కొత్తగా అనిపించదు. మైనస్ 80 అంటే దివ్యంగా ఉన్నట్టు. పది దిగిన ప్రతిసారీ మిగిలేది పదో వంతే, కనక మైనస్ 110 అంటే అందులో వెయ్యో వంతు. ఒక వాటు కరెంటును నూరు లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. ఆ ముక్కతో మనం కరెంటు బిల్లు కట్టాలి, ఆధార్ ఓటీపీ తెచ్చుకోవాలి, అల్లుడితో వీడియో కాల్ మాట్లాడాలి.

ఇంకో సంగతి. టవరు పదుల వాట్లతో అరుస్తుంది, మీ ఫోన్ గరిష్ఠంగా బదులు చెప్పేది వాటులో అయిదో వంతుతో. కాబట్టి చాలాసార్లు టవరు మాట మీకు వినబడుతుంది, మీ మాటే టవరుకు వినబడదు. పాయింట్లు నిండుగా ఉంటాయి, ఫోటో మాత్రం వెళ్లదు. ప్రజాస్వామ్యంలో ఇంత కాలంగా ఉన్నవాళ్లం, దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు.

కనక యాంటెనా కొనండి. యాంటెనా సిగ్నల్‌ను పుట్టించదు. మిగతా దిక్కులన్నీ వదిలేసి ఒక్క దిక్కు మీదే చెవి పెడుతుంది, అంతే దాని విద్య. దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద కాకులు వాలిన ఆ అల్యూమినియం పుల్లల యాంటెనాకు యాగి అని పేరు. 1926లో జపాన్ తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి దాన్ని లోకానికి చెప్పారు. ఎక్కువ కష్టపడ్డది ఉదా అంటారు, పేరు మాత్రం ప్రొఫెసర్ యాగిది నిలబడింది. ఏ దేశమైనా యూనివర్సిటీలు యూనివర్సిటీలే. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెట్టిన ఎంఎస్‌టీ రాడార్‌లో ఇలాంటి యాగి యాంటెనాలు 1024 బారులు తీరి ఉంటాయి. అన్ని పెట్టుకుని శాస్త్రజ్ఞులు పైన గాలి ఎటు కదులుతోందో చూస్తారు. మీరు ఒక్కటి కొని క్రికెట్ హెచ్‌డీలో రావాలంటున్నారు!

యాంటెనా తగిలించుకోవడానికి మీ ఫోన్‌కు సాకెట్ ఉండదు కాబట్టి సిమ్ వేసే రౌటరు ఒకటి కొనాలి, వెనక సాకెట్లున్న రకం. 4జీ రౌటరు రెండు చెవులతో వింటుంది, అందుకని యాంటెనాలూ రెండు కావాలి. రెండిటినీ నిలువుగా పెడితే లాభం తక్కువ, ఒకటి ఇటు ఒకటి అటు ఒరిగి ఇంటూ మార్కులా ఉండాలి. పైపు ఎక్కడ పాతాలన్న దగ్గర ఇంటి సిద్ధాంతిగారు అడ్డుపడతారు. టవరేమో ఈశాన్యంలో ఉంది, ఈశాన్యంలో బరువు పెట్టకూడదు. చివరికి నైరుతి మూల పైపు పాతి, మూతి ఈశాన్యానికి తిప్పితే దోషం లేదని ఆయనే తేలుస్తారు. ఇంజనీరును అడిగినా అదే చెబుతాడు గానీ ఇంజనీరు మాట ఇంట్లో ఎవరూ వినరు.

ఇక తిప్పుడు. కొడుకు డాబా మీద జీఐ పైపు పట్టుకుని ఉంటాడు. తండ్రి కింద వాకిట్లో, రౌటరుకు అందుతున్న డీబీఎం అంకెను ఫోన్‌లో చూస్తూ అరుస్తుంటాడు.

“మైనస్ నూట పన్నెండు... నూట తొమ్మిది... నూట నాలుగురా! ఆపు, ఆపు!”

“ఆపాను నాన్నా.”

“మళ్లీ నూట పదికి పోయింది. ఎందుకు కదిపావు?”

“నేను కదపలేదు!”

కుర్రాడు నిజంగానే కదపలేదు. ఫోన్‌లో అంకె మారడానికి కొన్ని క్షణాలు పడుతుంది, వీళ్లు నూట నాలుగు చూసేసరికి పైపు ఆ చోటు దాటి పోయింది. వెంట్రుకవాసి తిప్పి పదిదాకా లెక్కపెట్టి చూడాలి. ఈ ఓపిక పూర్వం చిత్రలహరి కోసం పైపు తిప్పిన తరానికి ఉండేది, వాళ్లకు ఇప్పుడు మోకాళ్లు నొప్పులు.

సరే, కుదిరిందనుకుందాం. యాంటెనా నుంచి కింద గదిలోకి షాపువాడు ఇచ్చిన సన్న నల్ల కేబుల్ లాగుతారు. వైఫై తరంగాల దగ్గర ఆ సన్న రకం మీటరుకు ఒక డెసిబెల్, అంటే ఆ డీబీఎం లెక్కలో ఒక అంకె, చొప్పున మింగుతుంది. 4జీ మీద కాస్త అటూ ఇటూ. పది మీటర్లు లాగితే కిందికి చేరేది ఇంచుమించు పదో వంతు. అంటే యాంటెనా కష్టపడి పట్టిందంతా కేబుల్ దారిలోనే తినేసింది. మన పథకాల నిధులు దిల్లీలో బయలుదేరి ఊరు చేరడం చూసినవాళ్లకు ఈ సూత్రం విడమరిచి చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడుంది: రౌటరునే నీళ్లు చొరని డబ్బాలో పెట్టి పైన యాంటెనా పక్కన బిగించి, కిందికి లాన్ వైరు దింపితే వంద మీటర్లదాకా నష్టం ఉండదు. అయితే షాపువాడు ఇది చెప్పడు, కేబుల్ మీటర్ల లెక్కన అమ్ముతాడు కనక. చెప్పినా, బిగించిన మర్నాడు కోతుల గుంపు వచ్చి యాంటెనా పట్టుకుని ఊగుతుంది. టవరు దిశ అప్పుడు అవే నిర్ణయిస్తాయి.

ఇంత యాతన ఎందుకని కొందరు ఆన్‌లైన్‌లో సిగ్నల్ పెంచే బూస్టర్ తెప్పిస్తారు. ఇంట్లో అయిదు పాయింట్లూ నిండిపోతాయి. అనుమతి లేకుండా అది పెట్టడం నేరం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం నుంచీ ఇదే మాట. దగ్గర్లో ఉన్న టవరుకు అది రొద పెట్టి, వీధిలో మిగతావాళ్ల సిగ్నల్ చెడగొడుతుంది. కుళాయికి మోటారు బిగించి వీధి నీళ్లన్నీ మన సంపులోకి లాగే సంప్రదాయం ఉన్నవాళ్లం, ఈ పరికరాన్ని ఇట్టే అర్థం చేసుకున్నాం.

పట్నం వాళ్లకు విధి తేలికే. కేబుల్ కుర్రాడు గోడకు కన్నం పెట్టిన చోటే, చెప్పుల స్టాండు వెనక, బీరువా చాటున రౌటరు పెట్టి, పడగ్గదిలో రావడం లేదని ఎనిమిది కొమ్ముల రౌటరు కొంటారు. దాన్నీ అక్కడే పెడతారు. హాలు మధ్యలో ఎత్తున పెడితే పాతదే సరిపోయేది, కానీ హాలు అందం చెడుతుందట.

విధి పాటించనివాళ్లకు ప్రభుత్వం ఇప్పటికే శిక్షణ ఇస్తోంది. బియ్యం కావాలంటే ఈ-పోస్ మిషన్‌లో వేలిముద్ర పడాలి. సిగ్నల్ లేని ఊళ్లో డీలరు మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కుతాడు, వెనక సంచులు చంకలో పెట్టుకుని వరస. ముసలమ్మ వేలు పెడుతుంది. చక్రం తిరుగుతుంది. “నీ వేలు అరిగిపోయింది అవ్వా, తుడిచి మళ్లీ పెట్టు” అంటాడు డీలరు. ఆమె కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. అరిగింది నెట్‌వర్క్ అని ఇద్దరికీ తెలుసు, కానీ మిషన్‌ను తుడిస్తే లాభం లేదు, వేలైతే తుడవచ్చు. ఉపాధి పనిలోనూ 2023 జనవరి నుంచి కూలీల ఫోటో యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. చెరువులో మట్టి తవ్వినంత మాత్రాన తవ్వినట్టు కాదు, ఆ ఫోటో సర్వర్‌కు చేరాలి.

ఇంత చెప్పాక కూడా టవరే కావాలని పట్టుబట్టే ఊరివాళ్లుంటారు. వాళ్లకు దారి మూసెయ్యలేదు. కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. యాప్ తెరవడానికి ఓటీపీ వస్తుంది, అది రావడానికి గుట్ట ఎక్కాలి. ఎక్కి పెట్టారనుకోండి, కొన్ని వారాలకు ఒకాయన బైక్ మీద వస్తాడు. ఊరివాళ్లు అప్పటికి చందాలేసుకుని పంచాయతీ డాబా మీద పైపు పాతి, యాంటెనా పెట్టి, వైఫై పంచుకుంటూ ఉంటారు. ఆయన మంచినీళ్లు తాగి, వాళ్ల వైఫై పాస్‌వర్డ్ అడిగి స్పీడ్ టెస్ట్ చేసి, స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు. సాయంత్రానికి మెసేజ్ వస్తుంది: మీ ప్రాంతంలో నెట్‌వర్క్ సంతృప్తికరంగా ఉన్నందున కొత్త టవరు అవసరం లేదని తేలింది, మీ ఫిర్యాదు పరిష్కరించడమైనది.