‘జస్ట్ 45 నిమిషాలు’ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘జస్ట్ 45 నిమిషాలు’ గారికి,

బాలానగర్ దగ్గరి ఒక వెంచర్‌లో 150 గజాల ఇంటి యజమాని (ఇంకా 221 ఈఎంఐలు కట్టాక పూర్తి యజమాని) నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా నేషనల్ హైవే 44 పక్కన ప్లాట్లు అమ్మే ప్రతి హోర్డింగ్ మీదా, ‘హైదరాబాద్ నుంచి’ అన్న మాట పక్కన, క్షేమంగానే ఉన్నారు. రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎండకు కొంచెం వెలిసినట్టున్నారు, అంతే.

ముందే ఒక మాట. బాలానగర్ అంటే కూకట్‌పల్లి పక్కన ఉన్నది కాదు. పాలమూరు జిల్లాలోది, సీతాఫలాలకు పేరున్నది. మా చుట్టాల్లో సగం మంది మొదటిదే అనుకుని, “అబ్బో, సిటీలోనే కొన్నావా!” అని మెచ్చుకున్నారు. వాళ్లను సరిదిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మీకైతే అసలు మనసే ఒప్పేది కాదు.

మీరు నాకు పరిచయమైంది అత్తాపూర్‌లో. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లర్ నంబర్ 120 పక్క సందులో, మూడో అంతస్తు అద్దె ఇంట్లో. ఓనరు మళ్లీ అద్దె పెంచిన వారమే మీ బ్రోషర్ వచ్చింది. మందపాటి నున్నటి కాగితం. దాని మీద ఒక నాన్న, ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు, మన వీధుల్లో ఎన్నడూ కనబడని జాతి కుక్క. అందరి మీదా పందిరి వేసినట్టు రెండు వైపులా చెట్లు. ఆ చెట్ల కింద ఎర్రటి అక్షరాల్లో మీరు. ధర కంటే పెద్దగా, ప్లాటు కొలత కంటే పెద్దగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి జస్ట్ 45 నిమిషాలు!

ఇల్లు కొనేటప్పుడు ఎన్ని కొలతలు నేర్చుకోవాలో అప్పటిదాకా నాకు తెలియదు. ఏజెంట్ గజాల్లో మాట్లాడతాడు, బ్యాంకు వాళ్లు చదరపు అడుగుల్లో. మా నాయిన లెక్క వేరు. 150 గజాలని చెబితే, “గజాలంటే బట్ట కొల్సేటివి గాదురా, భూమిని గుంటల్ల చెప్పు” అన్నాడు. గుంటకు 121 గజాలు. లెక్కేసి గుంటా పావు అన్నాను. కాసేపు ఆలోచించి, “మన ఎడ్ల కొట్టం గంత ఉంటది గద” అన్నాడు. ఆ మాటకే నేను ఆగి ఉండాల్సింది. కానీ మీరు ఈ లెక్కలన్నిటికీ అతీతులు. దూరాన్ని కిలోమీటర్లలో చెబితే ఎవడైనా మ్యాప్ తీసి కొలుస్తాడు. నిమిషాల్లో చెబితే ఎవడు కొలుస్తాడు?

కొలవలేదని కాదు, కొలిచాం. సైట్ విజిట్ రోజున. ఆదివారం పొద్దున ఐదున్నరకే కారు వచ్చింది. ఏజెంట్ నన్ను ముందు సీట్లో, మా ఆవిడను, పిల్లలను వెనక కూర్చోబెట్టాడు. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర బండి ఆపి అందరికీ చాయ్ తాగించాడు. గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసి, “ఇప్పుడు టైం చూసుకోండి సార్” అన్నాడు. మీ లెక్కలో హైదరాబాద్ అంటే ఆరాంఘర్ చౌరస్తా అని, హైదరాబాద్‌లో ఎప్పుడూ ఆదివారం తెల్లవారుజామేనని అప్పుడు తట్టలేదు. వెంచర్ ఆర్చ్ కిందకు రాగానే వాచీ చూపించాడు. 43 నిమిషాలు. “ఇంకో రెండు నిమిషాలు మీకే మిగిలినయి సార్!” మేమంతా చప్పట్లు కొట్టాం. ఆర్చ్ నుంచి ప్లాటుకు ఇంకో కిలోమీటరున్నర మట్టి రోడ్డు ఉంది. దాన్ని మీరు లెక్కలోకి తీసుకోరట. అది ‘వెంచర్ లోపల’ కిందికి వస్తుందట.

ఇప్పుడు సోమవారం సంగతి చెబుతాను. మీరు ఎప్పుడూ సోమవారం చూసి ఉండరు.

ఆరున్నరకు బైకు మీద ఆర్చ్ దాకా. బైకు టీకొట్టు దగ్గర పెట్టి హైవే మీద నిలబడతాను. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే నాన్‌స్టాప్ బస్సులు నన్ను చూసి హారన్ కొట్టి మరీ వెళ్లిపోతాయి. ఎక్స్‌ప్రెస్ వస్తే ఎక్కాలి. అది షాద్‌నగర్ బస్టాండులోకి వెళ్లి, రివర్స్ తీసి, సమోసాలమ్మే పిల్లాణ్ని ఎక్కించుకుని, దింపి బయటికి వస్తుంది. శంషాబాద్ దాటాక ఎవరి అదృష్టం వారిది. ఆరాంఘర్‌లో దిగి సిటీ బస్సు పట్టుకుంటాను. తలపైన 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లవాళ్ల నిమిషాలు పరిగెడుతుంటాయి, కింద మావి పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటాయి. పిల్లర్ నంబర్ 120 వస్తుంది. మా పాత సందు. అక్కడి నుంచి మాసబ్‌ట్యాంక్‌లోని మా ఆఫీసుకు అప్పట్లో అరగంట. ఇప్పుడు గంటన్నర పైన ప్రయాణం చేసి, సరిగ్గా అదే సందు ముందుకు వచ్చి, అక్కడి నుంచి మళ్లీ ఆ అరగంట మొదలుపెడుతున్నాను. పాత ఓనరు బాల్కనీలో పేపర్ చదువుకుంటూ కనబడతాడు. ఒకరోజు చెయ్యి కూడా ఊపాడు.

కారు కూడా ప్రయత్నించాను. ఒక నెల. మధ్యలో రాయికల్ టోల్. ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు నెల పాస్ ఉంటుందని తెలిసి సంబరపడి వెళ్తే అడ్రస్ ప్రూఫ్ అడిగారు. ఆధార్‌లో నేనింకా అత్తాపూర్‌లోనే ఉన్నాను. ఆ తర్వాత పెట్రోలు బిల్లు చూసి కారుకు కవర్ తొడిగాను. మా ఆవిడ సిటీకి వెళ్లాల్సి వస్తే ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకిచ్చే ఉచిత ‘జీరో టికెట్’ తీసుకుంటుంది. ఇంట్లో మీవల్ల డబ్బు నష్టం కాని మనిషి ఆవిడ ఒక్కతే.

రోజుకు రానూ పోనూ నాలుగు గంటలు. నెలకు 25 రోజులు, అంటే 100 గంటలు. లోను ఇరవై ఏళ్లు. 24,000 గంటలు. బస్సు సీటు వెనక పెన్నుతో భాగించి చూశాను. సరిగ్గా 1000 రోజులు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం అని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క తేల్చి చెప్పారు. ఈ వెయ్యి రోజుల గురించి ఏ కౌంటర్‌లోనూ చెప్పలేదు.

మీ బంధుగణం కూడా చిన్నదేమీ కాదు. బ్రోషర్ వెనక పేజీ నిండా వాళ్లే. ‘ఎయిర్‌పోర్టుకు 30 నిమిషాలు’. నేను ఇంతవరకూ విమానం ఎక్కలేదు. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది, దాన్ని నేను రోజూ చూసేది బస్సులోంచే. ‘ట్రిపుల్ ఆర్‌కు 5 నిమిషాలు’. అంటే రీజనల్ రింగ్ రోడ్డుకు. మావైపు ఇంకా తట్టెడు మట్టి కూడా పోయని రోడ్డుకు ఐదు నిమిషాలు ఎలా కొలిచారో, ఏ బండి మీద వెళ్లి వచ్చారో తెలుసుకోవాలని ఉంది. ‘ఎంఎంటీఎస్ అతి త్వరలో’. ఆ సిటీ లోకల్ రైలు 2003లో పుట్టి, ఇరవై ఏళ్లకు 2023లో ఉందానగర్ దాకా వచ్చింది. ఉందానగర్ అంటే రైల్వే వాళ్ల భాషలో శంషాబాదే. అక్కడి నుంచి మా ఊరికి సగం కంటే ఎక్కువ దూరం మిగిలే ఉంది. ఈ వేగాన వస్తే మా పిల్లల పిల్లలు సీటు పట్టుకోవచ్చు. మా పెద్దమ్మ కొడుకు విజయవాడ హైవే మీద చౌటుప్పల్ పక్కన కొన్నాడు. అక్కడ కూడా మీరే ఉన్నారట, ‘ఎల్బీనగర్ నుంచి’ అనే ఇంటిపేరుతో. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర మిమ్మల్ని తలుచుకున్నానని ఫోన్ చేశాడు. ఆ తలుచుకున్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇక చెట్లు. ‘పచ్చని ప్రకృతి ఒడిలో’ అన్న ముక్కను కూడా మీ పక్కనే అచ్చు వేశారు కాబట్టి మిమ్మల్నే అడగాలి. ఈ నేల మీద ఇదివరకు గట్ల వెంట సీతాఫలం పొదలుండేవి. దసరా ముందు గంపలకొద్దీ కోసి హైవే పక్కన పెట్టి అమ్మేవాళ్లు. జేసీబీ వచ్చి వాటిని ఒక్క పూటలో పీకేసింది. ఆ తర్వాత ‘ఎవెన్యూ ప్లాంటేషన్’ కింద రోడ్డుకు రెండు వైపులా మొక్కలు నాటారు. ఒక్కో మొక్కకు ఊతంగా ఒక్కో కర్ర. మొక్క కంటే కర్ర లావు. వేసవికి మొక్కలు ఎండిపోయాయి. మా గేటు ముందు మొక్కకు కట్టిన కర్ర మాత్రం వానలకు చిగురించింది! దగ్గరికి వెళ్లి చూస్తే కట్టిన కొబ్బరి తాడు కింద నుంచి రెండు లేత రెమ్మలు. గిరిపుష్పం కర్రట, కొట్టి పాతినా బతుకుతుందట. ఇప్పుడు అది నా ఎత్తు దాటింది. వెంచర్ మొత్తానికి నీడ ఇచ్చేది అదొక్కటే. చచ్చిన మొక్క ఇంకా దానికే కట్టి ఉంది.

మా నాయిన ఊరి నుంచి వచ్చి దాని కిందే కుర్చీ వేసుకున్నాడు.

“చెట్లున్నయంటివి, యాడున్నయి బిడ్డా?”

“నాటిన్రు నాయినా, పెరుగుతయి.”

“ఎన్ని నిమిషాలు పడ్తది?”

పాలమూరు మనిషికి చెట్టు నీడ గురించి బ్రోషర్ చెప్పాలా? పిల్లలమర్రి మాదే. ఏడు వందల ఏళ్లదని చెప్పుకుంటాం. ఊడలు దిగి మూడెకరాల దాకా పరుచుకుంది. దానికి చెదలు పట్టి 2017 డిసెంబర్‌లో సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో పేషెంటుకు ఎక్కించినట్టు మందు చుక్క చుక్కగా ఎక్కించారు. అంత చెట్టుకే అంత సేవ కావాల్సి వచ్చింది. మీ బ్రోషర్‌లో మాత్రం పిల్లలమర్రి ‘సమీప ఆకర్షణలు’ కింద, ఓ షాపింగ్ మాల్‌కు, ఇంటర్నేషనల్ స్కూల్‌కు మధ్యలో ఉంది. 35 నిమిషాలట.

మీ మీద కేసు వేద్దామని కూడా అనుకున్నాను, దాచుకోను. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో తప్పుడు మాట నమ్మి కొని నష్టపోతే పరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. తెలిసిన వకీలు సాబ్‌కు బ్రోషర్ చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకెత్తి, “ఎక్కడి నుంచి, ఏ బండి మీద, ఏ టైంకు అని రాశారా?” అన్నాడు. లేదన్నాను. మీ పక్కన ఉన్న చీమ తలకాయంత నక్షత్రాన్ని గోటితో చూపించి, పేజీ అడుగుకు వేలు జార్చాడు. ‘షరతులు వర్తిస్తాయి’. మీరు గట్టివారు సార్.

న్యాయంగా చెప్పాలంటే రాత్రిళ్లు ఇక్కడ బాగుంటుంది. నెమళ్లు అరుస్తాయి. పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే గుండె దడదడలాడదు. ఇవేవీ బ్రోషర్‌లో లేవు.

ఇంతకీ ఈ లేఖ ఎందుకంటే, మీ జబ్బు నాకూ అంటింది. మొన్న ఆదివారం మా బామ్మర్ది కుటుంబాన్ని భోజనానికి పిలిచాను. ఉప్పల్ నుంచి రావాలి. “ఎంత దూరం బావా?” అని అడిగాడు. నోరు తెరిచాను, మీరు వచ్చేశారు. “ఎంత, జస్ట్ నలభై అయిదు నిమిషాలే!”

పన్నెండున్నరకు ఫోన్ చేశాడు. శంషాబాద్ దగ్గర ఉన్నాడు. వెనక నుంచి పిల్లాడి ఏడుపు. “బావా, గంటన్నర అయింది, ఇంకెంత?”

“వచ్చేసినవ్ రా, ఇంకో పది నిమిషాలు” అన్నాను.

వంటింట్లో మా ఆవిడ ఆ మాట విని, మటన్ కింద స్టవ్ ఆపేసి, పిల్లలకు అన్నం పెట్టేసింది.

ఇట్లు,
మీ నమ్మకస్థుడు