నెమ్మదించిన ఫ్యాన్ చచ్చినట్టేనా?

(పలాసలో చిన్న వైండింగ్ షాపు. మేనల్లుడు పాత సీలింగ్ ఫ్యాన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.)

అల్లుడు: ఇది ఇక పనికిరాదు మావా. ఐదులో పెట్టినా రెండులో ఉన్నట్టే తిరుగుతోంది. పాత ఇనుముకి ఇచ్చేసి బీఎల్‌డీసీ కొంటాను, అదే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్.

మావ: ఏటల్లుడూ, విప్పి చూడకుండానే చంపేశావు! ఇందులో రెండు వైండింగులుంటాయి. ఒకదానితోనే అయితే మోటారు మూలుగుతుంది తప్ప కదలదు. రెండోదానికి వరసలో కండెన్సర్ పెడతాం, మీ చదువులో కెపాసిటర్ అంటారే, అదే. దానివల్ల అక్కడి కరెంటు కాస్త ముందు నడుస్తుంది. ఆ తేడాతోనే తిరుగుడు పుడుతుంది. చాలా ఫ్యాన్లకి అది 2.5 మైక్రోఫారడ్. ఏళ్ల తరబడి వేడికి దాని విలువ పడిపోతే ఫ్యాన్ నీరసిస్తుంది. పూర్తిగా పోతే గుంయ్‌మంటూ నిలబడిపోతుంది, కర్రతో ఎటు తోస్తే అటు తిరుగుతుంది. అసలు రెగ్యులేటర్ తప్పించి నేరుగా కలిపి చూశావా?

అల్లుడు: లేదు. రెగ్యులేటరంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో ఆ పెద్ద పెట్టె నువ్వు పెట్టిందే కదా? చెయ్యి పెడితే కాలేది.

మావ: అప్పట్లో అదే దొరికేది. లోపల రెసిస్టెన్సు తీగ, మోటారుకి తగ్గించిన కరెంటులో చాలా భాగం వేడి కింద పోయేది. నేనే మార్చాను కదా!

అల్లుడు: మార్చాక రాత్రంతా ఫ్యాన్ గుంయ్‌మనేది. అమ్మకి నిద్రే లేదు.

మావ: అది ట్రయాక్ రకం. కరెంటు అలని ప్రతిసారీ కొంత కోసి పంపుతుంది, ఆ కోతకే ఆ చప్పుడు. కండెన్సర్లతో చేసిన స్టెప్ రకం వేద్దామన్నాను, బావే డబ్బుల దగ్గర వెనకాడాడు.

అల్లుడు: నాన్నని అనకు. సరే, నా లెక్క విను. ఇది 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ 30. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి పదహారు యూనిట్లు మిగులుతాయి. సాయంత్రం వోల్టేజి పడిపోతే ఇది ఈడుస్తుంది, అది మాత్రం అదే వేగం. 2018లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక ఇన్వర్టర్ పెట్టుకున్నాం. దాని మీదా రెట్టింపు సేపు తిరుగుతుంది.

మావ: ఆ లెక్కకి అడ్డు చెప్పను. రాత్రంతా తిరిగే గదికి కొనుక్కో. కానీ దాన్ని నడిపేది లోపలి బోర్డు. కాయిల్స్‌కి వంతులవారీగా కరెంటు ఇచ్చేది అదే. హై వోల్టేజి కొట్టి బోర్డు పోతే సరిగ్గా ఆ మోడల్ బోర్డే కావాలి. దొరక్కపోతే? నా బల్ల కింద అలాంటివి నాలుగున్నాయి, చూడు. రాగి బాగుంది, అయస్కాంతం బాగుంది. పారెయ్యడానికి మనసొప్పక దాచాను. నీ పాతదానికైతే బేరింగు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, కాయిల్ కాలితే నేనే చుడతాను.

అల్లుడు: చుట్టినవి వేడెక్కిపోతున్నాయి మావా. పక్కింటివాళ్లు బయట చుట్టించిన ఫ్యాన్ రెండు వేసవులు నిలవలేదు.

మావ: నిజమే. సన్న తీగ వేసినా, వార్నిష్ ఆరనివ్వకపోయినా అంతే. అలాంటి పని వల్లే మా అందరి మీదా నమ్మకం పోతోంది. అందుకే చుట్టడం ఆఖరి మాట. ముందు కండెన్సర్ ఇలా ఇవ్వు. (మీటరు పెట్టాడు.) 2.5 ఉండాల్సింది, 1.4 చూపిస్తోంది.

అల్లుడు: అంతేనా?

మావ: బేరింగు కూడా గరగరమంటోంది, విప్పుతాను. కూర్చో. అన్నట్టు, ఆ గదికి బీఎల్‌డీసీ కొంటే గోడ రెగ్యులేటర్ తీసేసి నేరుగా కలిపించు, లేకపోతే బోర్డు దెబ్బతింటుంది.