పక్క గుడారం పిల్ల చెప్పిన మాట

దసరా సెలవులయ్యాక పెనుమూరు వైపు ఒక పల్లెలో దూరపు చుట్టాల ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పిల్ల చిత్తూరులో ఇంటర్ ఫస్టియర్. కాలేజీ తెరిచి పది రోజులైనా ఇంట్లోనే ఉంది. అరుగు మీద వాళ్లమ్మ చెనక్కాయలు వలుస్తోంది. పిల్ల కాలేజీకి పోవడం లేదేమని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "ఆడబిడ్డను అంత దూరం యాడ పంపేది అక్కా? కాలం బాగలేదు. బంగారుపాళెం పక్క నుంచి సంబంధమొకటి వచ్చుండాది. కార్తీకంలో ముహూర్తాలు ఉండాయంట. ఒకింటికి పంపేస్తే మాకు భయముండదు" అంది, చాటలో గింజలు ఏరుకుంటూ, నా వైపు చూడకుండా.

ఇలాంటి మాట వింటే వెనకబాటుతనమని కొట్టిపారేయడం సులువు. నేనూ చాలా ఏళ్లు అదే పని చేశాను. ఆ ఆలోచన తప్పని నాకు తెలిసొచ్చింది ఒక శరణార్థి పిల్ల కథ వల్ల.

పేరు ముజూన్ అల్‌మెల్లెహాన్. సిరియా దక్షిణాన ఉన్న దరా ఆమె ఊరు. 2011లో ప్రభుత్వ వ్యతిరేక నిరసనలు రాజుకున్నది ఆ ఊళ్లోనే. తండ్రి బడిపంతులు. 2013లో ఆ కుటుంబం ఇల్లు వదిలి జోర్డాన్ సరిహద్దు దాటేనాటికి ముజూన్‌కు పద్నాలుగేళ్లు. వెంట తెచ్చుకున్నది బడి పుస్తకాలు. చేరింది జాతరీ శిబిరానికి. (పేరు వినగానే మనకు గంగ జాతర గుర్తొస్తుంది. అక్కడున్నదల్లా ఎడారి, దుమ్ము, వరసల కొద్దీ గుడారాలు.) 2012 జూలైలో తెరిచిన ఆ శిబిరంలో ఏడాది తిరక్కుండానే లక్ష మందికి పైగా జనం చేరారు.

శిబిరంలో బడి ఉంది. బడికి రావాల్సిన ఆడపిల్లల్లో చాలామంది మాత్రం రావడం లేదు. కొందరికి పెళ్లిళ్లు కుదిరిపోతున్నాయి. ముజూన్ అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. గుడారం తరవాత గుడారం తిరిగింది. పిల్లలతో మాట్లాడింది, ఆ పిల్లల అమ్మానాన్నలతోనూ మాట్లాడింది. బిడ్డను కాపాడేది పెళ్లి కాదు, చదువేనని చెప్పింది. అందరూ వినలేదు. కొందరు విన్నారు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. జోర్డాన్‌లో నమోదైన సిరియన్ల పెళ్లిళ్లలో పద్దెనిమిదేళ్లు నిండని పెళ్లికూతుళ్ల వాటా 2011లో 12 శాతం. 2013 నాటికి 25 శాతం. ఇది ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యునిసెఫ్ అధ్యయనం చెప్పిన సంగతి. రెండేళ్లలో ఒక జనం ఆచారం మారిపోదు. అదే మతం, అవే కుటుంబాలు, అవే అలవాట్లు. మారిందల్లా వాళ్లున్న చోటు. గడియ లేని గుడారం, చీకటి పడ్డాక బయటికి పోవాల్సిన మరుగుదొడ్డి, చేతిలో లేని డబ్బు, ఎవరో తెలియని ఇరుగుపొరుగు. ఈడొచ్చిన కూతురు ఉన్న తండ్రికి ఆ పరిస్థితుల్లో పెళ్లే తలుపూ గడియా అనిపించింది. అది తప్పుడు లెక్కే. కానీ ఆ లెక్క వేయించింది భయం.

చెనక్కాయలు వలుస్తున్న ఆ తల్లి నోట వచ్చిందీ అదే మాట. అక్కడ యుద్ధం, ఇక్కడ లేదు, రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. భయం పని చేసే తీరు మాత్రం ఒకటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు దేశం మొత్తమ్మీద 23 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం దాటారు. మహిళలకే ఒక విశ్వవిద్యాలయం 1983 నుంచి తిరుపతిలో నడుస్తున్న రాష్ట్రం మనది.

మనం ఏమీ చేయలేదని కాదు. పిల్లల్ని బడికి పంపితే తల్లి ఖాతాలో డబ్బు వేసే అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది మన చిత్తూరులోనే. ప్రభుత్వం మారింది, పథకం తల్లికి వందనం అయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో టికెట్ డబ్బులు లేవు. ఇవన్నీ ఖర్చు బరువు తగ్గించే పనులు, అవసరమైనవే. విద్యాహక్కు చట్టం దగ్గరే నాకు పేచీ. ఆ హక్కు ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకానే. సరిగ్గా ఎక్కడ సంబంధాల మాట మొదలవుతుందో, అక్కడ హక్కు ఆగిపోతుంది.

తరవాత మిగిలేది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం, పిల్లల సాయానికి ఫోన్ చేసే 1098 నంబరు. ఎవరో ఫోన్ చేస్తారు. అధికారులు, పోలీసులు వస్తారు. పందిరి దగ్గర కౌన్సెలింగ్ ఇచ్చి, తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకుని వెళ్తారు. పెళ్లి ఆగింది, పేపర్లో వార్త వచ్చింది. మరి మర్నాడు ఆ పిల్ల ఎక్కడుంటుంది? కాలేజీలో ఉండదు, ఇంట్లోనే ఉంటుంది, పరువు పోయిన ఇంట్లో. రెండు నెలలు పోయాక సరిహద్దు అవతల ఏ అత్తగారి ఊళ్లోనో గుట్టుగా తాళి కట్టించేస్తారు. చిత్తూరు జిల్లాకు అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, చుట్టాలు అన్ని వైపులా ఉంటారు. పెళ్లిని ఆపే యంత్రాంగం ఉంది కానీ పిల్లను మళ్లీ బస్సెక్కించే యంత్రాంగం లేదు.

ముజూన్ కథ మన దాకా వచ్చేసరికి 'సిరియా మలాలా' అయింది. ఆడపిల్లల చదువు కోసం పోరాడిన పాకిస్తాన్ అమ్మాయి మలాలా ఆమెను జాతరీలో కలిసిన మాట, 2014 డిసెంబరులో నోబెల్ ప్రదానోత్సవానికి పిలిపించుకున్న మాట నిజమే. 2015లో కుటుంబం బ్రిటన్‌లోని న్యూకాజిల్‌కు చేరింది. 2017లో, 19 ఏళ్లకు, శరణార్థి హోదాతో యునిసెఫ్ గుడ్‌విల్ అంబాసిడర్ అయిన మొదటి వ్యక్తి ఆమె. వార్తలన్నీ ఈ వేదికల చుట్టూనే తిరిగాయి. మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆ ఫొటోల దగ్గరే ఆగిపోయాను. కానీ గుడారాల్లో తల్లిదండ్రులు ఆమె మాట విన్ననాటికి ఆమెకు ఏ హోదా లేదు. అదే దుమ్ములో, అదే నీళ్ల క్యూలో నిలబడే పిల్ల కాబట్టి విన్నారు. 'నీకేం, బాగానే చెబుతావు' అని ఆమెను అనడానికి వీల్లేదు. ఈ మాట అధికారిని అనొచ్చు, టీచరును అనొచ్చు, నన్ను తప్పకుండా అనొచ్చు.

అన్నారు కూడా. ఆ రోజు అరుగు మీద కూర్చుని చదువు విలువ గురించి నేను చెప్పిందంతా ఆ తల్లి ఓపిగ్గా విని, "బస్సు ఫ్రీనే అక్కా. దిగినాక బస్టాండు నుంచి కాలేజీ దాకా ఎవరొస్తారు? సాయంత్రం బస్సు తప్పితే ఎవరుంటారు? మీరు తిరుపతిలో ఉంటారు, మీకు తెలీదు" అంది. నా దగ్గర జవాబు లేదు. జవాబు పక్కింటి నుంచి వచ్చింది. డిగ్రీ రెండో ఏడాది చదివే పిల్ల బిందె పట్టుకుని వీధి కొళాయికి పోతూ ఆగి, "నేనుండాను కదత్తా, నేనూ ఆ బస్సుకే పోతా. దాన్ని కాలేజీ గేటు కాడ వదిలి పోతాలే, సాయంత్రం నేనొచ్చేదాకా ఆడనే ఉండమను" అంది. అంతే. చదువు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తల్లి చేతిలో కాయ అట్లే పట్టుకుని ఆ పిల్లను కిందికీ పైకీ చూసింది.

సచివాలయంలో మహిళా పోలీసు ఉంది, అంగన్‌వాడీ ఉంది, కాలేజీలో హాజరు పట్టీ ఉంది. వరసగా వారం రాని అమ్మాయి పేరు ఆ పట్టీలోంచి బయటికొచ్చి, అదే ఊరి నుంచి అదే బస్సెక్కే పెద్దపిల్లకు అందితే చాలు. సర్కారు ఆ డిగ్రీ పిల్లకు నెలకింత అని ఇస్తుందా, స్కాలర్‌షిప్‌లో కలుపుతుందా అనేది ఆ తరవాతి సంగతి. ఊరికే చేయమంటే ఎన్నాళ్లని చేస్తుంది? ఆమెకూ పరీక్షలుంటాయి, ఆమెకూ సంబంధాలొస్తాయి.

బంగారుపాళెం వాళ్లకు ఏం కబురు పంపారో నేను అడగలేదు. తరవాతి వారం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పల్లెవెలుగు కిటికీ పక్కన ఇద్దరూ, ఒళ్లో బ్యాగులు, చిన్నదాని చేతిలో సున్నా రూపాయల టికెట్. కింద ఒక్క ముక్క: 'ఈరోజు వచ్చింది.' రేపటి సంగతి అడుగుతూ మెసేజ్ టైప్ చేసి, పంపకుండా తీసేశాను.