ఒక్క లైను కోసం పొద్దంతా పాయె

ఇప్పుడే వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చా. కళ్లు మండుతున్నాయి, సగం మిర్చి ఘాటుకు, సగం కోపానికి.

మా చిన్నాయన అడ్తి దుకాణంలో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కొట్టే సైటు పొద్దున్నుంచి తెరుచుకోలేదు. ఫోన్‌లో వస్తోంది, పక్క దుకాణంలో వస్తోంది, మా కంప్యూటర్‌లోనే రాదు. కాంటా అయిపోయిన రైతులు గుమ్మంలో నిలబడ్డారు. రిపేర్ మహానుభావుడు వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా "వైరస్, ఫార్మాట్ కొట్టాలి, ఏడొందలు" అన్నాడు. వీళ్లకు జలుబు చేసినా ఫార్మాటే మందు. నేనేం తక్కువ తినలేదు, నెట్ అతనితో ఉత్త పుణ్యానికి గొడవపడ్డా. (రేపు చాయ్ తాగించాలి.)

తీరా చూస్తే హోస్ట్స్ ఫైలు! ఏ సైటు పేరుకు ఏ ఐపీ (సర్వర్ నంబరు చిరునామా) అని కంప్యూటర్‌లోనే ఉండే చిన్న జాబితా అది. పేరు చెబితే నెట్‌లో ఆ చిరునామా వెతికిచ్చే డీఎన్‌ఎస్ 1983లో పుట్టింది, అంతకుముందు ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ మొత్తానికి ఇలాంటి ఫైలే దిక్కు. ఇప్పటికీ కంప్యూటర్ ముందు దాన్నే చూస్తుంది, అందులో పేరు దొరికితే ఇక ఎవరినీ అడగదు. పోయిన నెల సపోర్ట్ పిల్లాడు రిమోట్‌లో వచ్చి, టెస్టింగ్ అని ఒక ఐపీ రాసి వదిలేశాడు. సర్వర్ వేరే చోటికి మారింది. మేం మాత్రం ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతున్నాం.

మారుద్దామంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే సేవ్ కానివ్వదు. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి తెచ్చి పెడితే, పేరు చివర టీఎక్స్‌టీ తగిలించుకుని కూర్చుంది. ఆ తోక ఉంటే కంప్యూటర్ ఆ ఫైలును లెక్కచేయదు, పైగా తోకను విండోస్ దాచేస్తుంది, ఎవరి మేలు కోరో! ఇంకో అరగంట మటాష్.

అసలు మంట ఇది కాదు. బీటెక్ సెకండియర్‌లో ల్యాబ్ కంప్యూటర్‌లో ఇదే ఫైలు తెరిచి, ఫేస్‌బుక్ పేరు ముందు 127.0.0.1 రాశా. అది ఆ కంప్యూటర్ సొంత చిరునామానే, ఇక ఫేస్‌బుక్ తెరుచుకోదు. దోస్తుగాడిని ఆటపట్టిద్దామని, అంతే. "హ్యాకింగ్" అన్నారు. రికార్డులో మార్జిన్ వంకర పోతే మార్కులు కోసే మేధావులు, ఆ ఒక్క లైను చెరపడం రాక మా నాన్నను పిలిపించారు. పత్తి ఏరడం ఆపి పరకాల నుంచి బస్సెక్కి వచ్చాడు. రూమ్ బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిరిగి పోయేటప్పుడు బస్టాండ్‌లో ఒకటే అడిగాడు, "గా ఫైల్ల ఏం రాసినవ్ రా?"

సాయంత్రం సపోర్ట్‌కు ఫోన్ చేస్తే "అయ్యో, తీయడం మర్చిపోయాం సార్" అని నవ్వాడు. వాళ్ల నాన్నను ఎవరు పిలిపిస్తారు?

ఆ లైను చెరపలేదు. ముందు # పెట్టి అలాగే ఉంచా, అది ఉంటే కంప్యూటర్ ఆ లైను చదవదు. రేపు ఆ రిపేర్ ఆయన వస్తే చూపించాలి.