శనక్కాయల్లో కొలెస్ట్రాల్ లేదు పెద్దమ్మా

పోయిన నెల కదిరి దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాను. పొద్దున్నే ఆకలేసి వంటింట్లో శనక్కాయ గింజల డబ్బా కోసం చూస్తే ఎప్పుడూ ఉండే చోట లేదు. అడిగితే "అవి తింటే కొలెస్ట్రాల్ అంట గదమ్మా, మానేసినాం" అంది. నాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ళుగా శనక్కాయ పంట మీద బతికిన ఇల్లు అది. ఇప్పటికీ వానాకాలంలో ఆ ఎర్రనేలలో కె-6 అనే శనక్కాయ రకం వేస్తారు, పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆ పంట డబ్బులతోనే జరిగాయి, అలాంటిది తాము పండించిన గింజని తామే తినడానికి భయపడుతున్నారు, ఒక్క వాట్సాప్ మెసేజ్ వల్ల.

ఆ మెసేజ్ ఏదో ఒక గ్రూపులో మీకూ వచ్చే ఉంటుంది. పాలు, పెరుగు, నెయ్యి మానేసి పండ్లు, గింజలతో టిఫిన్ చేసేవాళ్ళకి హెచ్చరిక అని మొదలవుతుంది. అందులో చెప్పేవి క్లుప్తంగా ఇవి: వేరుశనగ, జీడిపప్పు, కొబ్బరి తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పరగడుపున అరటిపండు తింటే ఒంట్లో మెగ్నీషియం పెరిగిపోయి గుండెకి ప్రమాదం. పండ్లంటే చక్కెరే, షుగర్ తెచ్చుకున్నట్టే. పాలు లేని టిఫిన్‌లో ప్రొటీన్ ఉండదు, కాల్షియం అసలే ఉండదు. పండ్లూ గింజలూ కలిపి తినడం ఆయుర్వేదానికి విరుద్ధం. ఇదంతా డబ్బున్నవాళ్ళ విదేశీ ఫ్యాషన్. చివర్లో పది మందికి పంపమని.

మా చిన్నవాడికి పాలు పడవు. వాడి కోసం మొదలుపెట్టి మూడేళ్ళుగా మా ఇంట్లో పొద్దున టిఫిన్, సాయంత్రం చిరుతిండి పాలూ నెయ్యీ లేకుండానే చేస్తున్నాను. కాబట్టి ఇది నాకు రోజువారీ పని, అందుకే ఒక్కొక్కటికీ జవాబు రాస్తున్నాను.

ముందు కొలెస్ట్రాల్ సంగతి, ఎందుకంటే ఎక్కువ నష్టం చేసింది ఇదే. కొలెస్ట్రాల్ జంతువుల ఒంట్లో తయారయ్యే పదార్థం. మన లివర్ కూడా దాన్ని తయారుచేస్తుంది. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యిలో ఉంటుంది. మొక్క నుంచి వచ్చిన తిండిలో, అది పల్లీ అయినా బాదం అయినా జీడిపప్పు అయినా, లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. పల్లీల్లో ఉండేది నూనె, నూరు గ్రాములకి దాదాపు సగం నూనే, నూనె ఉంది కాబట్టి కొలెస్ట్రాల్ ఉన్నట్టే అని జనం అనుకుంటారు, పొరపాటు అక్కడే జరుగుతోంది. ఆ నూనెలో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వు, అంటే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెంచే రకం కాదు. స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పు ఉన్న ఏడు వేలమందికి పైగా మనుషుల మీద చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2013లో వచ్చింది, కొన్ని లోపాలు సరిచేసి 2018లో మళ్ళీ ప్రచురించారు. అక్కడి సంప్రదాయ భోజనంతో పాటు రోజుకి 30 గ్రాముల వాల్‌నట్, బాదం, హేజల్‌నట్ కలిపి తిన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి తగ్గాయి. అందులో పల్లీలు లేవు, నిజమే, కానీ గింజల్లోని కొవ్వు గుండెకి శత్రువు అనే మాట అక్కడ నిలబడలేదు.

కొబ్బరి విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్ళ భయం పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. కొబ్బరిలో కూడా కొలెస్ట్రాల్ లేదు, కానీ సంతృప్త కొవ్వు ఎక్కువ, అది రక్తంలో కొలెస్ట్రాల్‌ని పెంచగలదు. కాబట్టి అటుకుల్లో రెండు చెంచాల కోరు వేసుకోవడం వేరు, రోజూ చిప్పలు చిప్పలు తినడం వేరు. ఇంకొకటి, పల్లీలు మంచివని కూర్చుని పావుకిలో తింటే బరువు పెరుగుతారు. 30 గ్రాములకే 170 కేలరీల దాకా ఉంటాయి. చేతి నిండా ఒక గుప్పెడు, అంతే.

అరటిపండు, మెగ్నీషియం. ఇది చదివి మా కాలనీలో ఒక పెద్దాయన పొద్దున వాకింగ్ తర్వాత తినే ఒక్క పండూ మానేశారు. నూరు గ్రాముల అరటిపండులో మెగ్నీషియం సుమారు 30 మిల్లీగ్రాములే. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 350 పైన. పరగడుపున తిన్నా, భోజనం తర్వాత తిన్నా ఆ కొంచెంతో ఏమీ కాదు, ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం పొటాషియం వల్ల అరటిపండు ఎంత తినాలో డాక్టర్ని అడగాలి. అది చెప్పకుండా అందర్నీ భయపెట్టడం ఏం న్యాయం?

పండ్లంటే చక్కెరే అన్న మాటకి వస్తే, జ్యూస్‌కీ పండుకీ తేడా తెలియకుండా రాసిన మాట ఇది. జామకాయ కొరికి నమిలి తింటే పీచుతో పాటు లోపలికి వెళ్తుంది, చక్కెర నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. అదే నాలుగు బత్తాయిలు పిండి వడగట్టి తాగితే పీచు పోతుంది, నాలుగు పండ్ల చక్కెర ఒక్క గుక్కలో వెళ్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన రోజువారీ పళ్ళెంలో 2000 కేలరీలకి 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు ఉన్నాయి. పండు విషమైతే వాళ్ళు పళ్ళెంలో పెట్టరు కదా. షుగర్ ఉన్నవాళ్ళు ఒక జామకాయో, చిన్న యాపిలో పల్లీలతో కలిపి తింటే ఒట్టి పండు తిన్నదానికంటే నయం, ఎందుకంటే కొవ్వూ ప్రొటీనూ అరుగుదలని కాస్త నెమ్మది చేస్తాయి.

ఇక్కడే మనవాళ్ళు చేసే తప్పు కూడా చెప్పాలి. ఖర్జూరం, బెల్లం వేసి లడ్డూలు చుట్టి "షుగర్ ఫ్రీ" అని పేరు పెట్టి పంచుతున్నారు. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే. బెల్లం కూడా చక్కెరే, రంగు మారినంత మాత్రాన షుగర్ పేషెంటుకి మినహాయింపు ఉండదు. పిల్లలు ఆడుకుని వచ్చాక ఒక లడ్డూ ఇవ్వండి, మంచిదే, కానీ పేరు మాత్రం అది పెట్టకండి.

ఇప్పుడు ప్రొటీన్. దీని మీద నేను కొంచెం ఎక్కువ రాస్తాను. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఆవుపాలలో ఆరు గ్రాములు దాటి ఉంటుంది. అంటే గ్లాసు పాలకి గుప్పెడు పల్లీలు ఏమీ తీసిపోవు. అయితే ప్రొటీన్‌లో రకాలుంటాయి, పల్లీల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ని కట్టే ముక్కల్లో ఒకటి) తక్కువ, బియ్యం, అటుకులు, బొరుగుల్లోనూ అదే తక్కువ, కాబట్టి ఆ రెండే కలిపితే లోటు అలాగే మిగిలిపోతుంది. పప్పు ధాన్యాల్లో లైసిన్ బాగా ఉంటుంది. మన రాయలసీమ ఉగ్గానిలో బొరుగుల మీద పుట్నాల పొడి ఎందుకు చల్లుతారో నాకు చిన్నప్పుడు తెలియదు, రుచికే అనుకున్నాను. రుచికే మొదలుపెట్టి ఉండొచ్చు కూడా, కానీ పల్లీలు, బొరుగులు, పుట్నాలు మూడూ ఒక పళ్ళెంలో కలిసి ఆ లోటు తీరుతోంది. పైన నిమ్మకాయ పిండుతాం కదా, అందులోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అందులో ఒక్క చుక్క పాలు లేవు, నెయ్యి లేదు.

మా ఇంట్లో వారానికి మూడు రోజులు చేసేది ఇది. మందం అటుకులు 50 గ్రాములు జల్లెడలో వేసి కుళాయి కింద ఒక్కసారి తడిపి పక్కన పెడతాను, పది నిమిషాల్లో వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి, ముద్ద కాకూడదు. అందులో ఒక అరటిపండు ముక్కలు, వేయించి పొట్టు తీసిన పల్లీలు గుప్పెడు, పుట్నాలు మరో 20 గ్రాములు, రెండు చెంచాల పచ్చికొబ్బరి, చిటికెడు యాలకుల పొడి. అరటిపండు బాగా మగ్గితే బెల్లం అక్కర్లేదు. ఈ ఒక్క పళ్ళెంలో ప్రొటీన్ 15 గ్రాములకి తగ్గదు. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాములు కావాలి, అంటే మూడో వంతు దాదాపుగా పొద్దున్నే వచ్చేసినట్టు. మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు, మా వాడు స్కూల్లో పదకొండింటికి తినే బిస్కెట్ ప్యాకెట్ తానంతట తానే మానేశాడు.

కాల్షియం విషయంలో ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. పాలు మానేస్తే ఆ కాల్షియం వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి, పండ్లూ జీడిపప్పులతో అది రాదు. అలాగని ఒక చెంచా నువ్వులు గ్లాసు పాలకి సమానం అని వీగన్ (పాలతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్ళ) గ్రూపుల్లో తిరిగే మాట కూడా తప్పే. పొట్టుతో ఉన్న నువ్వుల్లో నూరు గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటుంది, వినడానికి చాలా గొప్పగా ఉంటుంది, కానీ చెంచా నువ్వులు పది గ్రాములే కదా, అంటే వంద మిల్లీగ్రాములు, అందులోనూ పొట్టులో కాల్షియంని పట్టి ఉంచే ఆక్సలేట్ల వల్ల అంతా ఒంటికి పట్టదు. గ్లాసు పాలలో 240 ఉంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో అయితే ఇంకా బాగా తక్కువ. కాబట్టి నువ్వులతో పాటు రాగులు (నూరు గ్రాములకి 350 దాకా), మునగాకు, కాల్షియం కలిపిన సోయా పాలు, ఇలా నాలుగైదు చోట్ల నుంచి రావాలి. షాపులో అమ్మే బాదం పాలు చూసి మోసపోకండి, చాలా డబ్బాల్లో బాదం నూటికి మూడు నాలుగు వంతులే, మిగతాదంతా నీళ్ళు. డబ్బా వెనక కాల్షియం కలిపారో లేదో చదవండి.

ఆయుర్వేదం పేరు ఎత్తినందుకు ఒక్క మాట. చరక సంహితలో విరుద్ధాహారాలు చెప్పిన చోట పుల్లటి పండ్లని పాలతో కలపొద్దని ఉంది. పాలు లేని టిఫిన్ వద్దని చెప్పడానికి దాన్ని తెచ్చి పెట్టడం ఎలా కుదురుతుంది?

ఫ్యాషన్ అన్నారు. వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది, నిజం. ఆ మాట విదేశీదే. శ్రీరామనవమికి మనం పంచే పానకం, వడపప్పులో పాలెక్కడున్నాయి? తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి బెల్లం కలిపే పేలపిండి, బతుకమ్మకి తెలంగాణలో చేసే నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పిల్లల జేబుల్లో ఉండే పల్లీ పట్టీ, ఇవన్నీ ఎవరి ఫ్యాషన్? ఖరీదంటారా, కిలో బాదం కొనే డబ్బుతో నాలుగైదు కిలోల పల్లీలు వస్తాయి. చియా గింజలూ బ్లూబెర్రీలూ లేకపోతే ఈ తిండి కుదరదని ఎవరన్నా అంటే వాళ్ళు చెప్పేదీ తప్పే.

అసలు భయపెట్టాల్సిన రెండు విషయాలు ఆ మెసేజ్‌లో లేనే లేవు, అది నాకు ఎక్కువ బాధ. ఒకటి బి12 విటమిన్. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం అన్నీ పూర్తిగా మానేసినవాళ్ళకి పండ్ల నుంచి గానీ గింజల నుంచి గానీ బి12 రాదు, స్పిరులినా అనే నాచు పొడి మీద కూడా ఆధారపడలేం. లోటు వెంటనే తెలియదు, కొన్నేళ్ళ తర్వాత తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు రూపంలో బయటపడుతుంది. మాత్ర వేసుకోవాలి, లేదా బి12 కలిపిన తిండి తినాలి. మా వాడికి పిల్లల డాక్టర్ చెప్పిన మోతాదులో ఇస్తున్నాం.

రెండోది బూజు. తడి తగిలి నిల్వ ఉన్న వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, లివర్‌కి చెడ్డది, వేయించినా పూర్తిగా పోదు. ఇంకా, ఐదేళ్ళ లోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి, పొడి కొట్టో ముద్ద చేసో ఇవ్వండి. పల్లీలు పడని పిల్లలు కూడా ఉంటారు, దద్దుర్లో పెదాల వాపో కనిపిస్తే ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆ రోజు ఇవన్నీ పెద్దమ్మకి చెప్తే వెంటనే ఒప్పుకోలేదు, మెసేజ్‌లో డాక్టర్ బొమ్మ ఉందంది. సరే అని అటక మీద మూట దింపించి ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. చేటలో పోసి ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పచ్చగా దుమ్ములా అంటుకున్నవి ఏరాం, రెండు కిలోల్లో ఒక దోసెడు పోయాయి. మిగిలినవాటిలో కొన్ని ఇనప మూకుడులో సన్నసెగ మీద వేయించి, పొట్టు ఊదేసి, రోట్లో బెల్లంతో దంచాం. మొదట పొడి పొడిగా ఉంటుంది, ఇంకో ఇరవై పోట్లు వేసేసరికి గింజల నూనె బయటికొచ్చి రోకలికి అంటుకుంటుంది, అప్పుడు నెయ్యి వేయకుండానే ఉండ కుదురుతుంది. పెద్దమ్మ ఒక ఉండ చుట్టి, మునివేళ్ళకి అంటిన నూనె చూసుకుని, "ఇదేనా నువ్వు చెప్పే మంచి కొవ్వు" అని అడిగింది. ఇదే అన్నాను. డబ్బా కడిగి ఎండలో పెట్టింది.